గోడ సందులో అమ్మ వెంట్రుకలు

ఆదివారం. పొద్దున్నే ఆశ్చర్యం: మా హన్మకొండ గల్లీలో ఎన్నేళ్లకో "ఎంటికలకు గిన్నెలూ..." అన్న కేక వినిపించింది.

మీకూ గుర్తుందా? అమ్మలు దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను చుట్టి గోడ సందులో దాచేవారు. కొబ్బరినూనె వాసన వచ్చే ఆ ఉండలిచ్చి మా అమ్మ గిన్నె తీసుకునేది. నేను ఏడ్చి ఒక బెలూన్ సంపాదించేదాన్ని.

ఈమధ్య నాకు ఇంగ్లీషు మాటల పిచ్చి పట్టింది. తాళంచెవులు కలిసి ఉంటే బంచ్, కట్టెలు కట్టగా కడితే బండిల్. వెంట్రుకల కుచ్చును టఫ్ట్ అంటారని నిన్ననే నేర్చుకుని మురిసిపోయాను. ఇవాళ అమ్మ దిండు మీద అలాంటి కుచ్చులే కనిపించాయి. క్యాన్సర్ మందు ఎక్కిస్తే జుట్టు రాలుతుందని డాక్టర్ ముందే చెప్పారు. అయినా వాటిని ఏరి, వేలికి చుట్టి, ఆ ఉండనే చూస్తున్నాను.

"ఏందే గట్ల చూస్తానవ్? గిన్నెలాయన్ను పిలువు. ఈసారి పెద్ద గిన్నెనే వస్తది," అంది అమ్మ.

"ఊకో అమ్మా!"

అమ్మ నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మిగిలిన జుట్టు తీసేయించుకుంటానని రేపు సెలూన్ అన్నను ఇంటికి రమ్మంది. ఆయన రాకముందే, పొద్దున్నే లేచి, అమ్మను నా ముందు కూర్చోబెట్టుకుని, ఉన్న కాసిన్ని వెంట్రుకలకే నెమ్మదిగా జడ వేస్తాను.