మెడతోలు

కొండలోయలోని ఆ రాతిగూట్లో పొయ్యికి దగ్గరి చోటు తోళ్లు మెత్తబరిచే మనిషిది. ఎన్నో చలికాలాలుగా అది ఒర్మాదే. కొండమేక తోలును అంచు నుంచి కొద్దికొద్దిగా నములుతూ, పదునురాతితో గీకుతూ, మళ్లీ నములుతూ ఉండటంతో ఆమె ముందుపళ్లు చిగుళ్లదాకా అరిగిపోయాయి. నిరుడు తోడికోడలిగా వచ్చిన తిషికి మాత్రం నవ్వితే పలువరుసంతా కనిపిస్తుంది. ఆ నవ్వు వినబడినప్పుడల్లా ఒర్మా చూపు అటే పోయేది.

వేటగాళ్లు తోళ్లు తెచ్చిన రోజున ఒర్మా పలుచని పొట్టతోలు తాను ఉంచుకుని, మందమైన మెడతోలును తిషి ఒళ్లో పడేసింది.

"నమలవే! పళ్లున్నది ఇకిలించడానికేనా?"

"అరిగిపోతే నీ పక్కనే కూర్చుంటాలే అక్కా, ఇద్దరం కలిసి గంజి తాగుదాం" అని తిషి పకపకా నవ్వింది.

పొద్దు వాలేసరికి మెడతోలు మేకపిల్ల చెవిలా మెత్తబడింది. ఒర్మా చేతిలోని పొట్టతోలు ఇంకా బిరుసుగానే ఉంది. మాంసం పంచినప్పుడు తిషి ఒక ముక్కను బాగా నమిలి, ఆకులో పెట్టి, "తిను అక్కా, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు" అంటూ జరిపింది. ఒక్క పీచు తగిలినా ఉమ్మేద్దామని ఒర్మా నాలుకతో వెతికింది. తగల్లేదు. మింగేసి, పొయ్యి దగ్గర జానెడు చోటు వదిలి పక్కకు జరిగింది. ఆ పళ్లవైపు మాత్రం చూడలేదు.