కోడికీ తలకీ మధ్య అంకె

పువెర్తో అల్సీనాలో చలికాలం మొదలైతే సముద్రస్నానాలకు వచ్చేవారు వెళ్లిపోతారు. ఉన్ని దుస్తుల కర్మాగారాలు, చేపల పడవలు, కాసినో మిగులుతాయి. డెల్మీరా బ్రునెట్టి జీవితం ఆ సంవత్సరం ఈ మూడింటి మధ్యనే నడిచింది. మధ్యాహ్నం దాకా కర్మాగారంలో స్వెట్టర్లు వెలుతురుకు ఎత్తి పట్టి, అల్లికలో తప్పులు వెతకడం ఆమె ఉద్యోగం. భర్త అన్సెల్మో దక్షిణాన చేపల వేటలో ఉన్నాడు. మధ్యాహ్నం తరువాత ఆమె కాసినోకు వెళ్లి, కిటికీ పక్కనున్న రూలెట్ బల్ల దగ్గర కూర్చుని, పడిన అంకెలు రాసుకునేది. కాగితమూ పెన్సిలూ కాసినోవారే ఇస్తారు కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఈ ఆలోచన మరిది ఫావుస్తోది. అతనికి టైర్ల దుకాణం ఉంది. చక్రం పాతబడితే గళ్ల మధ్యనుండే సన్నని లోహపు అడ్డుబద్దల్లో ఏదో ఒకటి వదులవుతుంది. దానికి తగిలిన బంతి ఎగరకుండా చతికిలబడి ఆ పక్క గడిలోనే ఆగిపోతుంది. గళ్లు ముప్పై ఏడు. గెలిచిన అంకెకు పందెం తిరిగి వచ్చి, దానికి ముప్పై ఐదింతలు పైన ఇస్తారు. కాబట్టి ముప్పై ఆరు తిప్పులకు ఒకసారి కంటే ఎక్కువగా పడే అంకె దొరికితే చాలు, ఓపిక ఉన్నవాడికి నష్టం ఉండదు. ఆ అంకెను పట్టుకోవడానికి ముగ్గురూ తలా కొంత వేసుకున్నారు. డెల్మీరా వేసినది సొంత అల్లిక యంత్రం కోసం దాచుకున్న సొమ్ము. యంత్రం ఇంటికి వస్తే అన్సెల్మో పడవ దిగి ఇంటిపట్టున ఉంటాడు. ఆమెకు కావలసింది అదొక్కటే.

మూడో మనిషి మామగారు దోన్ ఎర్సీలియో. డెల్మీరా లేచిన తరువాత సాయంత్రం పూట ఆయన అదే కుర్చీలో కూర్చునేవాడు.

ఒక ఆదివారం ఫావుస్తో లెక్కలన్నీ కలిపి చూసి పెదవి విరిచాడు.

"చక్రం తిన్నగానే ఉంది వదినా. వంకరంతా మన బుర్రల్లోనే. శనివారం గుర్రాలున్నాయి, ఉన్నదంతా అక్కడ పెట్టేద్దాం."

"గెలుస్తానని గుర్రం వచ్చి నీ చెవిలో చెప్పిందా?"

"చెప్పకపోతేనేం, దానికి నాలుగు కాళ్లున్నాయి. నీ బంతికి అవీ లేవుగా!"

"సాయంత్రం దాకా ఆగు. ఆ తర్వాత నువ్వు, నీ గుర్రం, మీ ఇష్టం."

అతను వెళ్లాక ఆమె కాగితాలు ముందేసుకుంది. కర్మాగారంలో ఒక నియమం ఉండేది: తప్పున్న స్వెట్టర్లను లెక్కపెట్టే ముందు ఏ యంత్రం మీద అల్లినవి ఆ యంత్రానికి విడదీయాలి. అన్నీ ఒకే గుట్టలో కలిపితే వంగిన సూది కనబడదు. ఇక్కడ యంత్రం ఒక్కటే. కాని రాసిన చేతులు రెండు. ఆమె తన కాగితాలు ఒకవైపు, మామగారివి ఒకవైపు పెట్టింది.

ఆమె కాగితాల్లో పదిహేడు ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువగా ఉంది. ఆయన కాగితాల్లో ఒక్కటంటే ఒక్క పదిహేడు లేదు.

ఆ దేశంలో ప్రతి అంకెకూ ఒక పేరు ఉంది. కలలో కనబడినదాన్ని బట్టి వీధి లాటరీ ఆడతారు. ఇరవై ఐదు కోడి. ముప్పై నాలుగు తల. పదిహేడు ఆపద. రూలెట్ చక్రం మీద కోడికీ తలకీ మధ్యనే ఆపద కూర్చుని ఉంటుంది.

దోన్ ఎర్సీలియో పెరట్లో ఎండకు కూర్చుని, సొరబుర్రలో పోసిన మాతే ఆకు తేనీరు తాగుతున్నాడు. డెల్మీరా పక్కన కూర్చుని కెటిల్ అందుకుంది.

"మామయ్యా, మీరు కూర్చున్న పూటల్లో పదిహేడు అసలు పడలేదా?"

"ఇంట్లో ఆ మాట అనకమ్మాయ్."

"పడిందా, లేదా?"

"పడకేం! పాడుముండ, మాటిమాటికీ అదే."

"మరి ఎక్కడ రాశారు?"

"పక్కన రాశా. ఓసారి కోడి దగ్గర, ఓసారి తల దగ్గర. అలా చక్రం చుట్టూ అన్నిటికీ తలా ఒకటి పంచా, ఎవరికీ అన్యాయం చెయ్యలా."

డెల్మీరాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముసలాయన ఆమె వైపు చూడకుండానే అన్నాడు: "అన్సెల్మో నీళ్ల మీదుంటే, ఒడ్డున కూర్చుని నా చేత్తో నేను ఆపదని రాయనా? రోజూ? నావల్ల కాదు."

"ఆయన్ని ఆ నీళ్ల మీంచి దించడానికే కదా మామయ్యా ఇదంతా."

ఆయన ఖాళీ బుర్ర ఆమెకు తిరిగి ఇచ్చి, "చాలు" అన్నాడు. మాతే దగ్గర ఆ మాట అన్నవాడికి మళ్లీ పోయరు. మాట కూడా అంతటితో ఆగిపోతుంది. అయినా లేచి నాలుగడుగులు వేసి ఆయన వెనక్కి తిరిగాడు.

"దాని మీదే పెట్టుకోండి. పేరు మాత్రం పలకొద్దు. నేను కాసినో లోపలికి రాను."

డెల్మీరా వెంటనే పందెం కాయలేదు. ఒకసారి తప్పిన లెక్కను నమ్మడం ఆమె స్వభావం కాదు. మామగారి పూటకు ఫావుస్తోను కూర్చోబెట్టి, మళ్లీ మొదటినుంచీ రాయించింది. ఈసారి రెండు చేతులూ ఒకే మాట చెప్పాయి. పదిహేడు దాదాపు ముప్పై తిప్పులకు ఒకసారి పడుతోంది.

ఆట మొదలయ్యాక మొదటి రెండు మధ్యాహ్నాలూ పోయినదే ఎక్కువ. ఫావుస్తో చలిలోనూ చెమట తుడుచుకున్నాడు.

"వదినా, ఇది నిజంగానే ఆపదలా ఉందే!"

"నోరు ముయ్యి. పేరు పలకనని మాటిచ్చాను."

ఆమె ప్రతి తిప్పుకూ ఒకే చిన్న బిళ్లను అదే గడిలో పెట్టింది, పెంచలేదు, తగ్గించలేదు. పోయినది తిరిగి వచ్చింది. తరువాత, ఉన్ని ఉండ చుట్టినట్లు, నెమ్మదిగా పెరిగింది. దోన్ ఎర్సీలియో ఆ మధ్యాహ్నాలన్నీ కాసినో బయట, సముద్రపు గోడ మీద, భవనానికి వీపు చూపించి కూర్చున్నాడు.

ఒకరోజు ఆమె బల్ల దగ్గర కూర్చుని బిళ్ల పెట్టబోయి ఆగింది. చక్రపు చెక్క అంచు మీద గోటితో గీరినంత గీత ఒకటి ఉండేది. ఇప్పుడది లేదు.

"ఇది మన చక్రం కాదు. పద," అంది.

"బల్ల అదే కదా! చెయ్యి తిరిగింది వదినా, ఇంకొక్క గంట..."

"బల్లతో మనకేం పని?" అని ఆమె కోటు తొడుక్కుంది.

ఉన్నది యంత్రానికి సరిపోయింది. కొత్తది కాదు, కర్మాగారంలో తీసేసిన పాతది. వంటగదిలో సగం అదే ఆక్రమించింది. పడవ తిరిగి వచ్చాక అన్సెల్మో సంచి గుమ్మంలోనే దింపి, దాని చుట్టూ తిరిగి చూశాడు. భార్య జరిగినదంతా చెప్పింది.

"ఏ అంకె మీద వచ్చింది?" అని అతను అడిగాడు.

డెల్మీరా మామగారి వైపు చూసింది. కొడుకు ఇంట్లోనే ఉన్నాడు, బూట్లు కూడా విప్పేశాడు. ఇక పలికితే నష్టమేమీ లేదు.

దోన్ ఎర్సీలియో మాతే నింపి కొడుకు చేతికిచ్చాడు.

"కోడి పక్కది," అన్నాడు.