గుడ్లు పెట్టిన చేపలు

చేపల కొట్లో పచ్చి సాల్మన్ వాసన తగిలితే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

అప్పుడు నాకు ఏడేళ్లు. వాంకూవర్ దగ్గర మా ఇంటి బేస్‌మెంట్‌లో, వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన స్రవంతి అక్క అద్దెకుండేది. ఒక ఆదివారం సాల్మన్ చేపల్ని చూపిస్తానని నన్ను ఏటికి తీసుకెళ్లింది. నీళ్లలో ఎర్రటి చేపలు ఎదురీదుతున్నాయి. ఒడ్డు పొడవునా మాత్రం తోలు ఊడిపోయి, కళ్లు పోయి, ఎన్నో చచ్చి పడున్నాయి.

"అక్కా, హూ డిడ్ దిస్?" అని అరిచాను.

"ఎవ్వరు చెయ్యలే బుజ్జీ. గుడ్లు పెట్టినంక అవి చచ్చిపోతయ్, అంతే."

నేను కొయ్యబారిపోయాను. అమ్మకప్పుడు తొమ్మిదో నెల.

ఇంట్లోకి రాగానే అమ్మ పొట్టను వాటేసుకుని, "మామ్, ఆర్ యూ గోయింగ్ టు డై?" అని అడిగాను.

"పిచ్చిదానా, నేనేమన్నా చేపనా?" అంది అమ్మ. కానీ నవ్వలేదు. నన్ను చాలాసేపు వదల్లేదు కూడా.

వారం తిరగకుండానే తమ్ముడు పుట్టాడు. ఇద్దరూ క్షేమంగా ఇంటికొచ్చారు. పుట్టింటివాళ్లెవరూ దగ్గర లేని ఆ రోజుల్లో తననూ అదే భయం పీడించేదని అమ్మ నాకు మొన్నీమధ్యే చెప్పింది.