పై ఇంటి కుళాయి

డబ్బిచ్చి మరీ నీళ్ళు మోయడానికి మనుషులు వస్తారని చెబితే ఆ వీధివాళ్ళు ఒకప్పుడు పగలబడి నవ్వేవాళ్ళు. ఇప్పుడు నవ్వరు. పొద్దున్నే బస్సు వచ్చి ఆగుతుంది. కొత్త బూట్లు, వీపున సంచులు, చేతుల్లో ఫోన్లతో దొరబాబులూ దొరసానులూ దిగుతారు. వీధి కుళాయి దగ్గర తలా ఒక బుల్లి బిందె అందుకుంటారు. అక్కడి నుంచి కొండకి నిచ్చెన వేసినట్టుండే మెట్ల సందులో రొప్పుతూ రోజుతూ ఎక్కుతారు. సగం నీళ్ళు మెట్లకే పోస్తారు. మిగిలిన సగం పైకి చేరాక ఎవరికైనా ఇస్తారా అంటే, అదీ లేదు. నెత్తిన కుమ్మరించుకుని, కేరింతలు కొట్టి, ఫోటో దిగుతారు.

ఆ కుమ్మరించుకోవడం కూడా ఎక్కడనుకున్నారు? మెట్లన్నిటికీ పైన, పైఇంటి వదిన గుమ్మం ముందు. ఆ సమయానికి ఆమె వంటింటి మూల డ్రమ్ములో నీళ్ళు అడుగంటి ఉంటాయి.

వీధిలో పెద్దా చిన్నా అందరికీ ఆమె పైఇంటి వదినే. నోరున్న మరిది ఒకడు ఉండటంతో అతని పిలుపే అందరికీ అంటుకుంది. ముందు గదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే కుట్టుమిషను, దాని చుట్టూ సుద్దముక్కలు, దారపు ఉండలు, నీలం గుడ్డ పేలికలు. స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆమె కుట్టిన లాగూ కుట్లు ఊడాయని ఏ తల్లీ మళ్ళీ ఆ మెట్లెక్కి రాలేదు. పాపం వాళ్ళు మళ్ళీ ఎక్కాల్సి వస్తుందేమోనని గట్టిగా కుట్టేదాన్ని అని ఆమే నవ్వేది.

కాపురానికి వచ్చిన మర్నాడే అత్తగారు బిందె చేతికిచ్చింది. ఆ రోజు నుంచీ తల మీద చుట్టకుదురు, దాని మీద నిండు బిందె, చంకలో ఇంకోటి. కడుపుతో ఉన్నప్పుడు మోసింది, జ్వరమొస్తే మోసింది, పురుడు పోసుకుని పచ్చి ఒంటితోనూ మోసింది. మెట్ల మీద ఉన్న మిగతా ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే కిందికి దిగిపోయారు. ఆమెకి దిగే తాహతు లేదు. మొగుడు సరుకుల లారీ నడుపుతాడు, వారానికోసారి ఇంటికి వస్తాడు, నోట్లో నాలుక లేని మనిషి.

ఒకరోజు మిషను తొక్కుతుంటే కుడి మోకాలు పట్టేసింది. డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, లోపల అరిగిపోయిందమ్మా అన్నాడు. బరువుతో మెట్లెక్కడం మానితే మిషను తొక్కుకోవచ్చు, మానకపోతే రెండూ పోతాయి అని తేల్చేశాడు. మానమంటే మానడానికి అదేమైనా తాంబూలం నమలడమా? నీళ్ళు లేకుండా ఎవరు బతుకుతారు? కానీ సరిగ్గా అప్పుడే నీళ్ళ ఆఫీసువాళ్ళు వీధిలో గొట్టాలు వేస్తున్నారు. ఇంటింటికీ కుళాయి ఇస్తామన్నారు. పైఇంటి వదిన వంటింట్లో డ్రమ్ము జరిపి, గోడ తుడిచి, కుళాయి ఎక్కడ పెట్టించాలో సుద్దతో గుర్తు కూడా పెట్టుకుంది.

ఇక మరిది సంగతి. కింద రోడ్డు మీద మంచి ఇల్లు, పెళ్ళాం, వంటింట్లో ఏనాటి నుంచో కుళాయి. బస్సు టికెట్లు అమ్మే ఆఫీసులో కూర్చునేవాడు. ఆఫీసు మూసేశాక గోళ్ళు గిల్లుకుంటూ ఉన్నాడు. అలా ఉండగా దారితప్పిన ఒక యాత్రికుడు మెట్ల దగ్గరికి వచ్చి, వదిన చంకలో బిందె తీసుకుని, సాయంగా పైదాకా మోశాడు. మోసి, మెట్టు మీద కూలబడి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, నా జీవితంలో ఇంత మంచి రోజు లేదన్నాడు. వదిన అతన్ని చూసి పాపం ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చింది. మరిది మాత్రం అక్కడే వ్యాపారం చూశాడు.

నెల తిరక్కుండా బోర్డు వేలాడింది. 'నీళ్ళ బాట: మిమ్మల్ని మీరు కలుసుకునే సాహస యాత్ర' అట. తమని తాము కలుసుకోవడానికి నా గుమ్మం దాకా రావాలా, అద్దం లేదా ఇంట్లో అని వదిన అంది. వచ్చినవాళ్ళకి చేతులకి గ్లవ్సులు, మోకాళ్ళకి మెత్తటి తొడుగులు, పడితే పూయడానికి మందుపెట్టె. ఆ తొడుగులు చూసి ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"ఒరేయ్, నాకూ ఒక జత ఇవ్వరా, కాలు గుంజేస్తోంది."

"అవి కస్టమర్లకి వదినా. పైగా నువ్వు అవి వేసుకుంటే ఫోటోలో బాగోదు."

ఫోటో ఏమిటంటారా? ఆమె పొద్దున్నే నీళ్ళకి దిగే వేళ చూసి బస్సు రప్పించేవాడు. ఆమె ముందు, కెమెరాలు వెనక. అసలైన మనిషి, అసలైన బిందె అని వాళ్ళకి చూపించేవాడు. లాగూ వేసుకుని ఏడ్చే రోజుల్లో ముక్కు తుడిచి, అన్నం కలిపి పెట్టిన వదినని బొమ్మల కొలువులో బొమ్మని చేసి నిలబెట్టాడు. ఒక్క మాట అడగలేదు.

గొట్టాల పని మొదటి మెట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఇవాళ వస్తారు, రేపు వస్తారని చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. చివరికి కుంటుకుంటూ నీళ్ళ ఆఫీసుకి వెళ్ళింది. బల్ల వెనకాల గుమాస్తా తలెత్తి, వింతగా చూశాడు.

"అదేంటమ్మా, మీ ఇంటివాళ్ళే వద్దన్నారుగా? మీ మరిదిగారు, మీ ఆయనా కలిసే వచ్చారు. పై మెట్లు పాత పద్ధతిలోనే ఉండనివ్వమన్నారు. ఇప్పుడు కావాలన్నా వద్దన్నవాళ్ళే చెప్పాలి."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ శనివారం మొగుడు చెప్పులు విప్పీ విప్పకముందే నిలదీసింది.

"కుళాయి వద్దని చెప్పారటగా?"

"తమ్ముడు అడిగాడు. ఏదో వ్యాపారం అన్నాడు. సరేలే అన్నాను."

"నీళ్ళు మోసేది మీరా?"

"నువ్వే కదా," అన్నాడాయన, అమాయకంగా. ఆ అమాయకత్వాన్ని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు. ఆ రాత్రి కంచం విసురుగా పెట్టింది. ఆయన తలవంచుకుని తిన్నాడు. కుళాయి కావాలని వెళ్ళి చెప్పండి అంటే, తమ్ముడు బాధపడతాడేమోనే అన్నాడు. పెళ్ళాం మోకాలు బాధపడితే ఫర్వాలేదు కాబోలు.

మరిది అంతకన్నా తెలివైనవాడు. బతిమాలాడు, బుజ్జగించాడు, చివరికి ఆమెనే దోషిని చేశాడు.

"కుళాయి వస్తే ఇక్కడికి ఎవరొస్తారు వదినా? టీ కొట్టువాడు, బస్సువాడు, నేను, ఇంతమంది పొట్ట కొడతావా?"

"నా కాలు పోతే నా పొట్ట ఎవడు కొట్టినట్టురా?"

"ఇంకొక్క సీజను ఓపిక పట్టు."

సీజను అన్నమాట. ఆమె మోకాలికి కూడా సీజను ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది.

ఆ ఓపిక పట్టిన రోజుల్లోనే ఒక పొద్దున గుంపు ఆమె కన్నా ముందు పైకి చేరి, ఎప్పటిలాగే గుమ్మం ముందు నెత్తిన నీళ్ళు పోసుకుంది. ఆ నీళ్ళు మెట్ల మీదుగా జారి కిందికి వస్తున్నాయి. నిండు బిందెతో ఎక్కుతున్న వదిన కాలు సర్రున జారింది. బిందె దొర్లుతూ కింది దాకా పోయింది. కుడికాలు ఒంటి కింద మడతపడి ఆమె అక్కడే కూలబడింది. పైనుంచి ఇద్దరు ముగ్గురు అయ్యో అన్నారు. ఒకడు ఫోను దించకుండానే అయ్యో అన్నాడు.

గుంపులో నడివయసు దాటుతున్న ఒకావిడ మాత్రం పరుగెత్తుకొచ్చి ఆమెని లేవనెత్తింది. భుజం పట్టుకుని మెల్లగా ఇంట్లోకి చేర్చి, మిషను ముందు స్టూలు మీద కాలు చాపించి, తన మోకాలి తొడుగు విప్పి ఆమె కాలికి చుట్టింది. కళ్ళు ఎర్రబడ్డాయి ఆవిడకి. వదిన ఒళ్ళు మండిపోతున్నా, ఆ తొడుగు మెత్తగా ఉందని గమనించకుండా ఉండలేకపోయింది.

"నిజం చెప్పమ్మా. మీకు ఇంట్లో నీళ్ళు లేవా? ఎందుకొస్తారు ఇక్కడికి?"

ఆవిడ నేల మీద పడున్న గుడ్డ పేలిక ఒకటి తీసి వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చుంది.

"పెద్ద ఉద్యోగం అక్కా నాది. పొద్దుట్నించీ మాట్లాడతాను, సాయంత్రానికి ఏం చేశానో నాకే తెలీదు. బాగా చేశావంటారు. నిజంగా అంటున్నారో, నా కుర్చీని చూసి అంటున్నారో తెలీదు. ఇక్కడైతే బిందె పైకి చేరితే చేరింది, లేకపోతే లేదు. అందులో ఎవరూ నన్ను మోసం చెయ్యలేరు. ఈ కాళ్ళు నావేనా, ఇంకా పనికొస్తాయా అని చూసుకుందామని వచ్చాను."

వదిన కోపం ఒక్క క్షణం తికమకపడింది. చొక్కా కుట్టి, దారం తెంపి, దులిపి చూసుకున్నప్పుడు తనకి కలిగేదీ అలాంటి తృప్తే. పాపం, ఈవిడకి కుట్టుకోవడానికి చొక్కా కూడా లేదు కాబోలు అనుకుంది. మళ్ళీ మోకాలు సలిపింది. కోపం తిరిగొచ్చింది.

"మరి నా ఇంటికి కుళాయి వచ్చేస్తే మీరు రారటగా?"

"ఎవరన్నారు? మీ కుళాయికీ నా బిందెకీ ఏం సంబంధం అక్కా? నేను మొయ్యాలనుకున్నది నా బరువు."

ఆ సాయంత్రం చూడటానికి వచ్చిన మరిదికి ఈ మాట పొల్లుపోకుండా చెప్పింది. "వాళ్ళు నా కష్టం చూడ్డానికి రావట్లేదురా. వాళ్ళ కోసం వాళ్ళు వస్తున్నారు. నాకు కుళాయి ఇప్పిస్తే నీకు పోయేదేం లేదు."

"నువ్వు ఊరుకో వదినా. వాళ్ళు మర్యాదకి అలాగే అంటారు. ఇంట్లో కూర్చునేదానివి, వ్యాపారం నీకేం తెలుస్తుంది?" అని, పళ్ళ సంచి బల్ల మీద పెట్టి దిగిపోయాడు.

ఇంట్లో కూర్చునేదట! ఇన్నేళ్ళు ఆ మెట్లు ఎక్కి దిగిన మనిషి!

కాలికి కట్టు కట్టారు. మంచం మీదే అన్నీ. కానీ బస్సు ఆగదు కదా. గుంపు ముందు నడవడానికి అసలైన మనిషి ఒకరు ఉండాలి, వదిన డ్రమ్ములోకీ నీళ్ళు మొయ్యాలి. మరిది తన పెళ్ళాన్ని దింపాడు. ఆవిడ పాపం గాజు గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకునే రకం. మొదటి రోజు ముచ్చటగా ఎక్కింది. రెండో రోజు మెడ పట్టేసింది. మూడో రోజు సగం మెట్ల మీద బిందె దించి, అంతమంది ముందే మొగుణ్ణి కడిగిపారేసింది. గొట్టం పైకి వేయిస్తావా, నన్ను పుట్టింటికి పొమ్మంటావా అని గొంతెత్తి అడిగింది.

మరిది అక్కడే నిలబడి నీళ్ళ ఆఫీసుకి ఒక ఫోను చేశాడు. ఒక్క ఫోను.

మర్నాడు మనుషులొచ్చారు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనాల వేళకి ముగించారు. సుద్ద గుర్తు పెట్టుకున్న చోటే కుళాయి బిగించి, తిప్పి చూపించారు. మంచం మీంచి పైఇంటి వదిన ఆ ధార వంక చూసింది. ముప్పై ఏళ్ళ బరువు ఒక్క పూట పని. తోడికోడలి మెడ రెండు రోజులు నొచ్చేసరికి వచ్చిన నీళ్ళు, తన మోకాలు ఇన్నాళ్ళు నొచ్చినా రాలేదు. ఆమెకి సంతోషం రాలేదు. ఏడుపొచ్చింది, కోపంతో వచ్చిన ఏడుపు. కుళాయి బిగించినవాడు అది ఆనందం అనుకుని, తానూ కళ్ళు తుడుచుకున్నాడు.

కట్టు విప్పాక డాక్టరు మోకాలు నొక్కి చూసి, ఇక మిషను మాట ఎత్తకండి అన్నాడు. పిల్లల తల్లులు యూనిఫారం గుడ్డ వేరే చోటికి పట్టుకుపోయారు. మిషను మీద పాత దుప్పటి కప్పింది.

ఇప్పుడామె గుమ్మం పక్కన కుర్చీలో, కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంటుంది. బస్సు ఆగుతూనే ఉంది. బుల్లి బిందెలతో జనం ఎక్కుతూనే ఉన్నారు, అంతే రొప్పుతూ, అంతే నవ్వుతూ. పైకొచ్చి, వంటింట్లోకే దూరి ఆమె కుళాయి దగ్గర మొహం కడుక్కుని, దాంతో కూడా ఫోటో దిగుతున్నారు. నిన్నటికి నిన్న రెండు బస్సులొచ్చాయి.

మరిది ఆ హడావిడిలోనే చెమట తుడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చూశావా వదినా, కుళాయి వచ్చినా ఒక్కడూ మానలేదు! నేను అనవసరంగా భయపడ్డాను. వాళ్ళు వాళ్ళ కోసం వస్తారు వదినా, నీ కష్టం చూడ్డానికి కాదు. ఇన్నాళ్ళకి కనిపెట్టాను."

లేచి వాడి చెంప పగలగొడదామనుకుంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని నిజంగానే లేవబోయింది. మోకాలు లేవనివ్వలేదు.

"నాకు లేవడం కుదరట్లేదు నాన్నా," అంది. "కాస్త దగ్గరికి వచ్చి వంగు."