ఆదివారం తూకం

తాడేపల్లిగూడెం రైసు మిల్లుల్లో కాటాలు బాగుచేసే కృపానందాన్ని ఎవరూ తొందరపెట్టేవారు కాదు. బస్తాలు తూచే కాటా మొరాయిస్తే ఆయన దాన్ని పూర్తిగా విప్పేవాడు. గీతలున్న దండె ఆనుకుని ఊగే ఉక్కు అంచుల్ని కత్తులంటారు. వాటిని కిరసనాయిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ అమర్చేవాడు. వాటికి నూనె మాత్రం తగలనిచ్చేవాడు కాదు.

"నూనె పెడితే దుమ్ము పట్టుద్దండి. దుమ్ము పట్టిన కాటా అబద్ధం చెబుద్దండి," అనేవాడు.

ఆ విద్య ఆయనకు ఒకరు నేర్పింది కాదు. విప్పి, పాడుచేసి, మళ్లీ బాగుచేసి నేర్చుకున్నాడు. దండె మీద గుండు జరిపి ఒకసారి చూసిన తూకాన్ని ఎన్నడూ నమ్మలేదు. గుండును మొదటికి లాగి, మళ్లీ జరిపి, రెండోసారీ అదే చెబితేనే పైకి చెప్పేవాడు.

1956 వేసవిలో ఆయన భార్య సలోమికి జ్వరం, దగ్గు పట్టుకుని వదల్లేదు. ఏలూరు తీసుకెళ్తే డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి క్షయ అని తేల్చింది. సూదిమందులు, బిళ్లలు రాసిచ్చింది.

"భయపడకండి, ఇప్పుడు మంచి మందులొచ్చాయి. ఒంటికి పడితే బరువు పెరుగుతుంది. వారం వారం బరువు చూస్తూ ఉండండి," అంది.

"ఆ పని మాకొదిలెయ్యండి డాక్టరుగారండీ," అన్నాడు కృపానందం. ఆ గదిలో ఆయన ధైర్యంగా అన్న మాట అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో ఏలూరు స్టేషన్లో, అణా వేస్తే చీటీ ఇచ్చే బరువు మిషను సలోమి కంట పడింది. ముచ్చటపడి ఎక్కింది. చీటీకి ఒకవైపు బరువు, రెండోవైపు జోస్యం. ఆయన కూడా ఎక్కి, తన చీటీ చూసుకుని పెదవి విరిచాడు.

"తప్పు చెబుతోంది. నా బరువు నాకు తెలీదా?"

"నాకు త్వరలో శుభవార్తని రాసిందండి. బరువు తప్పైతే అదీ తప్పేనా?" అని నవ్వింది సలోమి. ఆ నవ్వులోనే దగ్గొచ్చింది.

సంగతి తెలిసి మిల్లు మేనేజరు వెంకట్రాజు తన ఇంట్లో ఉన్న బరువు యంత్రం పంపించాడు. మద్రాసు నుంచి తెప్పించింది. పీట అంత ఉంటుంది. లోపల స్ప్రింగు, పైన అద్దం కింద ముల్లు. కృపానందం రెండు రోజులు ఉంచుకుని తిరిగి తీసుకెళ్లాడు.

"ఏమయ్యా, దొరలు స్నానాల గదిలో వాడుకునేది. నీకు నచ్చలేదా?" అన్నాడు వెంకట్రాజు.

"నచ్చకేమండి రాజుగారూ, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. దిగి మళ్లీ ఎక్కితే మాట మారుస్తోందండి. పొద్దున్నొకటి, ఎండెక్కాక ఒకటి."

"ఎంతేంటి, ఒక పౌను తేడా ఉంటుందేమో!"

"మా ఆవిడ వారానికి పెరగాల్సింది ఆ ఒక్క పౌనేనండి."

వెంకట్రాజు యంత్రం వెనక్కి తీసుకున్నాడు. మిల్లు వెనకాల పడేసిన చిన్న కాటా ఒకటి ఉంటే పట్టుకుపొమ్మన్నాడు. దాని దండె మీద గీతలు తుప్పులో కనిపించకుండా పోయాయి. కృపానందం కత్తులు సానబట్టాడు, గీతలు తోమి తెల్లబరిచాడు. సర్కారు ముద్ర వేసిన తూకపు గుండ్లు తెచ్చి పళ్లెం నడుమ పెట్టి చూశాడు, నాలుగు మూలలా పెట్టి చూశాడు. ఎక్కడ పెట్టినా ఒకే మాట చెప్పేదాకా వదల్లేదు. వరండాలో సిమెంటు చేయించి, మట్టం చూసి, దాని మీద దించాడు. ఆ తర్వాత ఎవర్నీ కదపనివ్వలేదు.

ప్రతి ఆదివారం పొద్దున్నే, చర్చికి వెళ్లే ముందు, కాఫీ తాగకుండా తూకం. ఎప్పుడూ అదే నేత చీర, గాజులు తీసేసి. ముందు ఖాళీ కాటా సరిగా నిలిచిందో లేదో చూసుకునేవాడు. ఆమె ఎక్కేది. ఆయన వంగి దండెకు కళ్లు ఆనించేవాడు.

"కదలకు. ఊగుతోంది."

"కదలకుండా ఉండటానికి నేను వడ్ల బస్తానా ఏవండీ?"

"బస్తా అయితే మాట్లాడదు."

మొదటి వారాల్లో బరువు తగ్గింది. తర్వాత నిలబడింది. ఆషాఢం వచ్చేసరికి ఒక గీత పెరిగింది. కృపానందం గుండును మూడోసారి కూడా జరిపి చూశాడు. ఆ రోజు చర్చిలో పాస్టరుగారి చేత కృతజ్ఞత ప్రార్థన చేయించాడు.

వానలు ముదిరాయి. రైల్లో తడుస్తూ ఏలూరు వెళ్లి వస్తే సలోమి రెండు రోజులు లేవలేకపోయేది. అందుకని మందుల కోసం ఆయనొక్కడే వెళ్లాడు. డాక్టరమ్మ బరువు అడిగింది. చెప్పాడు.

"మంచిదేనయ్యా. ఈసారి మనిషిని తీసుకురా, చూడాలి."

"అలాగేనండి."

మరుసటి నెల బరువు ఇంకా పెరిగింది. ఇంత బాగుంటే వానలో తిప్పడం దేనికని మళ్లీ ఒక్కడే వెళ్లాడు. సలోమి మాత్రం ఆయాసంగా ఉందని ఒకటి రెండుసార్లు అంది. "ఒళ్లు వస్తోంది కదా, కొత్తలో అలాగే ఉంటుంది," అన్నాడు. ఆమె కూడా నమ్మింది. కాటా విషయంలో ఆయన మాటను గూడెం అంతా నమ్మేది.

కొల్లేరు వరద తీశాక కైకలూరు వైపు నుంచి సలోమి తల్లి యేసమ్మ వచ్చింది. గుమ్మంలోనే కూతుర్ని చూసి, "నిండుగా ఉన్నావే తల్లీ," అంది. అల్లుడు ఆవిణ్ణి కాటా దగ్గరకు తీసుకెళ్లి, ఎక్కడ మొదలైందో, ఎక్కడికొచ్చిందో గీతలు చూపించాడు. యేసమ్మకు గీతలు తెలియవు. కూతుర్ని కూర్చోబెట్టి కాళ్లకు ఆముదం రాయడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ ఆగింది.

"అల్లుడుగారూ, ఇలా రండి బాబూ."

పిక్క ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కి తీసింది. గుంట పడింది. ముగ్గురూ చూస్తుండగా ఆ గుంట చాలాసేపు అలాగే ఉంది.

"ఇది కండ కాదు బాబూ. నీరు."

కొల్లేటి అంచు నుంచి తడిసిన వడ్లొస్తే, కృపానందం గింజ కొరికి చూసి బస్తాను వెనక్కి పంపించేవాడు. ఎండబెట్టి తెమ్మనేవాడు. తడి బరువు బరువు కాదని మిల్లులో రైతులతో పోట్లాడిన మనిషి. కాటా మీద మరకలేకుండా చూసుకున్నాడు, మట్టం చూసుకున్నాడు, గాజులు కూడా తీయించాడు. ఎక్కిన మనిషిని మాత్రం వేలుతో నొక్కి చూడలేదు.

మర్నాడే ఏలూరు తీసుకెళ్లాడు. మూత్రపిండాలు చెడిపోయాయని డాక్టరమ్మ చెప్పింది.

"పొద్దున్నే ముఖం ఉబ్బుతోందా?"

ప్రతి ఆదివారం పొద్దున్నే సలోమికి మూరెడు దూరంలో నిలబడిన మనిషి జవాబు కోసం ఆమె వైపే తిరిగాడు. డాక్టరమ్మ కోప్పడలేదు. నీరు తీసే సూదిమందు మొదలుపెట్టింది. ఇప్పుడు బరువు తగ్గాలని చెప్పింది.

ఇంటికొచ్చాక మొదటి ఆదివారం దండె వాలింది.

"తగ్గింది సలోమీ. మంచిదే. నీరు పోతోంది."

"పెరిగినప్పుడూ మంచిదే అన్నారండి," అంది. గొంతులో కోపం లేదు. ఆయన గుండును మొదటికి లాగి అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

నీరు పోయేకొద్దీ లోపల మిగిలింది ఎంతో బయటపడింది. అక్టోబరు చివర ఒక ఆదివారం ఆమె ఆయన భుజం పట్టుకుని ఎక్కింది. చేయి వదిలితేగాని తూకం రాదు. వదిలింది. గుండు వేసవిలో మొదలైన గీత కూడా దాటి ఇవతలికి వచ్చి ఆగింది. కృపానందం తలెత్తకుండా వేరే అంకె చెప్పాడు, రెండు గీతలు ఎక్కువ.

"మళ్లీ జరిపి చూడలేదేమండీ?" అంది సలోమి.

ఆయన గుండును మొదటికి లాగేశాడు.

"మీకు చేతకాని పని పెట్టుకోకండి," అని మెల్లగా దిగింది. "ఇంక చాలు. రేపట్నించి ఎలా ఉన్నానో నా మొహం చూసి చెప్పండి."

కాటా మీద గోనె కప్పేశాడు. ఆ తర్వాత మిల్లుకు వెళ్లే ముందు మంచం ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. కళ్ల కింద ఉబ్బు, పెదవుల రంగు, మెడ దగ్గర కొట్టుకునే నరం, అన్నీ అప్పుడు చూశాడు. ఎడమ కనుబొమ మీద చిన్నప్పటి మచ్చ ఒకటుందని కూడా అప్పుడే చూశాడు. యేసమ్మ గంజి కాచి తెచ్చి, ఇద్దర్నీ చూసి, గిన్నె అక్కడ పెట్టి వెళ్లిపోయేది.

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున్న సలోమి అడిగింది.

"ఎలా ఉన్నానండీ?"

బాగున్నావు అనబోయి ఆగాడు. చాలాసేపు చూశాడు.

"అలిసిపోయావు సలోమీ," అన్నాడు.

"ఆఁ," అంది ఆమె, తన మాట ఒకరికి అర్థమైనట్టు. "అలిసిపోయానండి."

ఆ రోజు ఆయన మిల్లుకు వెళ్లలేదు. మధ్యాహ్నం దాటాక, చెయ్యి ఆయన చేతిలో ఉండగానే, సలోమి పోయింది.