పారబోసిన హెచ్‌పీ గ్లాసు

పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి డైట్ కిచెన్‌లో నేను హెడ్ కుక్‌గా ఉన్న చివరి ఏడాది, చలి మొదలయ్యే రోజుల్లో జరిగిన సంగతి ఇది. నా చదువు ఐదో తరగతితో ఆగింది. గిన్నెలు తోమే పనిలో చేరి, అసిస్టెంట్ కుక్‌నై, ఆ తర్వాత హెడ్ కుక్‌నయ్యాను.

డైట్ కిచెన్ అంటే హోటల్ వంటిల్లు కాదు. ఏ పేషెంట్‌కు ఏది పోవాలో డైటీషియన్ మేడమ్ రాసి పంపుతుంది. దాన్ని మించి గరిటెడు కూడా బయటికి పోకూడదు. కాలిన గాయాలవాళ్లకు, ఆపరేషన్ అయినవాళ్లకు హెచ్‌పీ డైట్, అంటే ప్రొటీన్ ఎక్కువ ఉండే తిండి. మామూలు భోజనంతో పాటు గుడ్లు, చిక్కటి పప్పు, పాలపొడీ పుట్నాల పిండీ కలిపిన ఒక గ్లాసు పాలు. ముక్కు గొట్టంలో పోసే ఫీడ్ అయితే పలుచని బట్టలో వడగట్టాలి. ఏదైనా ముందు నేను రుచి చూశాకే వార్డుకు పోయేది.

ఒక సోమవారం మధ్యాహ్నం స్టాఫ్ నర్సు సుజన వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పొద్దున్నే ఒక పేషెంట్ డిశ్చార్జి అయి పోవడంతో అతని హెచ్‌పీ గ్లాసు గట్టు మీద మిగిలింది.

“పెద్దమ్మా, ఆ గ్లాసు నాకియ్యరాదు? నాకు ప్రొటీన్ మస్తు అవసరముంది.”

ఆసుపత్రిలో కొందరు సిబ్బంది కలిసి ఆదివారాలు సైకిళ్లు తొక్కుతారు. చార్మినార్ దగ్గర బయలుదేరి, బార్కస్ మీదుగా శ్రీశైలం రోడ్డు పట్టి సిటీ దాటి చాలా దూరమున్న కడ్తాల్ దాకా పోయి రావాలని వాళ్ల పట్టుదల. సుజన రెండుసార్లు పోయి, రెండుసార్లూ దారిలో పహాడీషరీఫ్ దగ్గర కక్కుకుని, సైకిల్‌తో సహా ట్రాలీ ఆటోలో వచ్చింది. రెండోది ముందు రోజే. మూడోసారీ ఆటోలోనే వస్తే సైకిల్ తనకిచ్చెయ్యాలని తమ్ముడు ఇంట్లో అందరి ముందు అన్నాడట, ఆమె సరేనన్నదట. జీతంలోంచి మిగిల్చి కొనుక్కున్న సైకిల్ అది.

నేను గింజ పారేస్తే నిద్రపట్టనిదాన్ని. అయినా ఆ గ్లాసు తీసి, ఆమె చూస్తుండగానే సింకులో పోశాను.

“ఇచ్చుడు కన్న పారబోసుడే నయమా పెద్దమ్మా?”

“నయమే. ఇయాల నీకిస్తే రేపు ఇంకొకరొస్తరు. ఎల్లుండి పేషెంట్ పాలల్ల నీళ్లు కలుస్తయి.”

ఆమె ముఖం ఎర్రబడింది. వెళ్లిపోబోతుంటే కూర్చోమన్నాను. ఏం తింటున్నావు, ఎప్పుడు తింటున్నావు అని అడిగాను. నైట్ డ్యూటీ పడితే చాయ్, బిస్కెట్. పగలు అన్నం, పచ్చడి. ఆదివారం పొద్దున మాత్రం పరగడుపున ప్రొటీన్ డబ్బా పొడి సీసా నిండా కలుపుకొని ఒక్క గుక్కలో తాగుతుందట. డబ్బా, సీసా తెప్పించి, ఆమె చేత అట్లాగే కలిపించి రుచి చూశాను. గరిటె నిలబడేంత చిక్కగా ఉంది.

“సిస్టర్, గొట్టంల ఫీడ్ గింత చిక్కగ, ఒక్కసారి పోస్తే పేషెంట్ ఏం జేస్తడు?”

“కక్కుతడు.”

“మరి నువ్వేం జేసినవ్?”

ముందు కోపంగా చూసి, తర్వాత నవ్వింది.

పొద్దున తాగడానికి నేనే ఇంటి దగ్గర పలుచగా పుట్నాల పాలు చేసిస్తానన్నాను. ఇద్దరం మేడమ్ దగ్గరికి పోతే ఆమె నా మాటను కూడా దిద్దింది. “పొద్దున కాదు యాదమ్మా. తొక్కే ముందు ఇడ్లీ, అరటిపండు చాలు. దారిలో నీళ్లు. ప్రొటీన్ కండ బాగుపడ్డానికి, అది తొక్కి వచ్చాక. అదీ ఆదివారం ఒక్కరోజే కాదు, రోజూ మూడు పూటలకూ పంచాలి.” ఇన్నేళ్లూ హెచ్‌పీ గ్లాసు కలిపాను గానీ, వేళ సంగతి నాకు తెలియదు.

సుజన ఉస్మాన్‌గంజ్ టోకు బజారుకు పోయి పుట్నాలు తెచ్చుకుంది. డబ్బా పొడి కొనడం నేను మాన్పించాను. ఉడికిన గుడ్లు, పప్పు, పెరుగు ఇంట్లో ఉండేవే. రోజూ మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా మూత తీయించి చూసేదాన్ని. సైకిళ్లవాళ్లకు పెద్ద అయిన ల్యాబ్ టెక్నీషియన్ ఖాజా అది చూసి, “అమ్మా, నా డబ్బా గూడ తనిఖీ జెయ్” అనేవాడు.

“నీది జూస్తే నాకు ఆకలైతది. పో భాయ్.”

నెల తిరిగాక ఒక ఆదివారం వాళ్లు మళ్లీ కడ్తాల్ బయలుదేరారు. ఇల్లు కదలని నేను ఫ్లాస్కు పట్టుకుని చార్మినార్ దగ్గరికి పోయాను. గాజుల దుకాణాల షట్టర్లు లేస్తున్నాయి. కూర్చోలేక నిలబడ్డాను, నిలబడలేక నడిచాను. ముందుగా ఖాజా వచ్చాడు.

“సిస్టర్ యాడుంది?”

“ఎనకుంది అమ్మా. వాపసొచ్చేటప్పుడు పహాడీషరీఫ్ దాక కనవడ్డది, ఆ తర్వాత జూడలే.”

అంతలో వాళ్లు రావలసిన షాలిబండ వైపు నుంచే ఒక ట్రాలీ ఆటో వచ్చింది. దాని మీద సైకిల్ పడుకోబెట్టి ఉంది. ఖాజా పరుగెత్తి చూసి, “మనది గాదు అమ్మా, ఎవరిదో పిల్లల సైకిల్” అని అరిచాడు. ఆ ట్రాలీ పక్కకు తప్పుకోగానే వెనక పసుపు హెల్మెట్ కనబడింది. సుజన సీటు మీది నుంచి లేచి, నిలబడి తొక్కుతోంది. నేను ఆటోల మధ్యలోకి నడిచిపోయాను. ఎవరో తిట్టారు కూడా.

దిగగానే ఫ్లాస్కుకు చెయ్యి చాపింది.

“ముందు నీళ్లు. ఇది మెల్లగ.”

రెండు గుక్కలు తాగి, “పెద్దమ్మా, ఇది ఆ గ్లాసేనా?” అంది.

“అదే. ఈ పాలు మా ఇంటివి.”

“తమ్మునికి ఫోన్ జెయ్యాలె,” అంది. ఆ రోజు ఆ సైకిల్ ఇంటికి దాని చక్రాల మీదే పోయింది.

ఆ సోమవారం మిగిలిన గ్లాసు చేతికిచ్చి ఉంటే ఆమె తాగి వెళ్లిపోయేది. ఏం తింటున్నావని నేనూ అడిగేదాన్ని కాదు. ఆకలన్నవాళ్లకు వెంటనే వడ్డించడం ఇంటి పద్ధతి. డైట్ కిచెన్‌లో ముందు అడగాలి, తర్వాతే పోయాలి.