ఇదాల్మిస్ తిరగేసి బిగించిన అద్దం

సముద్రపు ఒడ్డున హిబారా ఊళ్ళో ఆడపిల్లకి పదిహేనేళ్ళు నిండాయంటే కేకూ, నాట్యమూ, బంధువుల అలకలూ ఎంత తప్పవో, ఇదాల్మిస్ తిట్లూ అంతే తప్పవు. సముద్రపు గోడ మీద పట్టుగౌనులో నిలబెట్టి, కెమెరా కంటికి ఆనించుకుని, "గడ్డం ఎత్తవే! పెళ్ళికూతురివా, పీతలమ్మేదానివా? ఊపిరి తీసుకో. ఇప్పుడు వదిలెయ్" అని అరుస్తుంది. అరుస్తూనే ఎడంచేత్తో లెన్సు చుట్టూ ఉన్న కడియాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది. తల్లులకి అక్కడే చిర్రెత్తుకొచ్చేది. ఎండకి పిల్ల మొహాన పౌడరు కరిగిపోతోంది మరి.

"ఒల్గీన్ పట్నం నుంచి వచ్చే కుర్రాడైతే టిక్కు టిక్కుమని నిమిషంలో కానిచ్చేస్తాడక్కా. వాడి కెమెరా ఫోకస్ అదే చూసుకుంటుందట" అని సణిగేవారు.

"కోడి గింజలేరినట్టు తీస్తాడు వాడు. నేను చూసి తీస్తాను. వాడే కావాలంటే పిలుచుకో, నేనింటికి పోయి కాళ్ళు చాపుకుంటాను" అనేది ఇదాల్మిస్. ఎవరూ పొమ్మనేవారు కాదు.

ఆ లెన్సు వాళ్ళ నాన్న తెచ్చింది. రోసెందో సరుకుల ఓడలో వంటవాడు. ఒదేసా రేవుకి వెళ్తున్నానంటే భార్య ప్రెషర్ కుక్కరు తెమ్మంది. ఆయన రష్యా కెమెరా పట్టుకొచ్చాడు. "దీంట్లో చిక్కుడుగింజలు ఉడుకుతాయా?" అని ఆమె ఒక్కమాట అడిగి, ఆయన మళ్ళీ ఓడ ఎక్కేదాకా నోరు విప్పలేదట. కెమెరా కూతురి చేతికొచ్చింది. ఆ పిల్ల దానితోనే పెరిగి, ఊళ్ళో సర్కారు వారి ఫోటో స్టూడియోలో పనికి కుదిరింది. తర్వాత రష్యా సరుకు ఆగిపోయి చెడ్డకాలం వచ్చింది. ఫిల్ము రావడం మానేసింది, కడిగే మందులు మానేశాయి, చివరికి స్టూడియోకి తాళం పడింది. ఇదాల్మిస్ కొబ్బరుండలు చేసి వీధివీధీ తిరిగి అమ్మింది. ఉప్పుగాలికి కెమెరా తుప్పుపట్టి బిగుసుకుపోయింది కానీ లెన్సుని మాత్రం చెమ్మ తగలకుండా బియ్యం డబ్బాలో పూడ్చి దాచింది. "కడుపులోకి లేవు బియ్యం, నీ గాజుముక్కకి మాత్రం పరుపు కావాలా?" అని తల్లి దెప్పేది. దెప్పేది కానీ, ఆ డబ్బాలోంచి గుప్పెడు తీసినప్పుడల్లా లెన్సుని మళ్ళీ జాగ్రత్తగా కప్పేది కూడా ఆవిడే.

చాలా ఏళ్ళకి పక్కింట్లో అద్దెకు దిగిన ఒక ఇటలీ ముసలాయన సముద్రపు గోడ మీద కాలు జారి పడ్డాడు. మనిషికేం కాలేదు, కొత్త డిజిటల్ కెమెరాకున్న లెన్సు మాత్రం రాళ్ళకి కొట్టుకుని బద్దలైంది. ఉన్నన్నాళ్ళూ ఇదాల్మిస్ వండిన పీతల కూర తిన్న కృతజ్ఞతతో, వెళ్తూ వెళ్తూ ఆ బోడి కెమెరా ఆమె చేతిలో పెట్టాడు. లెన్సు లేని కెమెరా, కెమెరా లేని లెన్సు. రెండింటికీ మరలు కలవవు. చెరకుమిల్లు మూతపడ్డాక ఇంట్లోనే లేతు మిషను పెట్టుకున్న విల్‌ఫ్రేదో దగ్గరికి రెండూ పట్టుకెళ్ళింది. అతను పాత లాడా కారు పిస్టన్ ఒకటి తీసి, కోసి, తొలిచి, ఒక పక్క లెన్సుకీ ఇంకో పక్క కెమెరాకీ పట్టేలా గొట్టం చేసిచ్చాడు. "ఇక నీ కెమెరా కొండెక్కేటప్పుడు పొగ కక్కితే నన్ననకు" అన్నాడు.

ఇంటికొచ్చి మొదట వాళ్ళమ్మకే గురిపెట్టింది. ఆవిడ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఫోకస్ ఎక్కడ కుదిరితే అక్కడ తెరమీద సన్నటి ఎర్రగీత మెరుస్తుంది ఆ కెమెరాలో. కడియం తిప్పుతుంటే ఆ గీత తలుపు మీంచి తల్లి భుజం మీదికి పాకింది, నెరిసిన జుట్టు దాటింది, కనురెప్ప దగ్గర ఆగింది. ఇదాల్మిస్‌కి నొక్కబుద్ధి కాలేదు, ఇంకా చూస్తూనే ఉంది. "తియ్యవే, మెడ పట్టేస్తోంది" అంది తల్లి. ఆవిడ పోయాక కూడా ఆ ఫోటో గోడ మీదే ఉంది.

అలా మళ్ళీ ఫోటోగ్రాఫరయింది. ఎంతమంది పిల్లలు పదిహేను దాటారో ఆ లెన్సు ముందు. ఒక ఏడు వానలు విడవకుండా పట్టుకున్నాయి. బియ్యం డబ్బా కూడా కాపాడలేక, లెన్సు లోపల సాలెగూడులా తెల్లటి బూజు పాకింది. మారిసెల్ కూతురు లియానెత్ ఫోటోలకి ముందురోజు అది ఇదాల్మిస్ కంటబడింది. రెండు మేకులు అరగదీసి తయారుచేసుకున్న పనిముట్టుతో ముందరి కడియం విప్పింది. అద్దం తీసి, స్పిరిటు అద్దిన మెత్తని గుడ్డతో తుడిచింది. తిరిగి బిగించబోతుంటే కరెంటు పోయింది. ముసురుకి చీకటైన గదిలో తడుముకుంటూ అద్దం లోపల పెట్టి మర తిప్పేసింది. అద్దానికున్న ఉబ్బు పైకి ఉందో కిందికి ఉందో చూసుకోలేదు.

మర్నాడు మారిసెల్ ఇంటి మెట్ల మీద చుట్టాలందరినీ నిలబెట్టారు. మధ్యలో నీలం గౌనులో లియానెత్. పక్కన తల్లి. తండ్రి ఒస్మానీ ఏనాడో మారిసెల్‌ని వదిలి యుస్నెయ్‌దిని కట్టుకున్నాడు. ఆ యుస్నెయ్‌దిని రావద్దనలేక, రమ్మనడం ఇష్టంలేక, మారిసెల్ వరసలో అందరికన్నా చివర, పూలకుండీ పక్కన నిలబెట్టింది. ఇదాల్మిస్ ఎప్పటిలాగే పిల్ల కళ్ళ మీదే చూపు నిలిపి, ఎర్రగీత అక్కడ నిలవగానే నొక్కేసింది.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకుంది. లియానెత్ కడిగిన ముత్యంలా ఉంది. ఆమె చుట్టూ ఉన్న లోకమంతా సుడిగుండంలా తిరుగుతోంది. అంచులకి పోయేకొద్దీ మనుషులు వానలో తడిసిన రంగుల్లా కరిగిపోయారు. చివర నిలబడ్డ యుస్నెయ్‌ది అయితే ఒక పసుపు మరక, అంతే. అద్దం తిరగబడిందని అప్పుడు అర్థమైంది ఇదాల్మిస్‌కి. ఏడ్చినంత పనైంది. తిట్లకి సిద్ధపడి ఫోటోలు పట్టుకెళ్ళింది.

మారిసెల్ ఫోటో అందుకుని ఒక్కొక్క మొహమే చూసుకుంటూ పోయింది. తర్వాత వేలితో ఆ పసుపు మరకని తాకి, "ఇదెవరు?" అంది.

"యుస్నెయ్‌ది. మారిసెల్, చూడు, పొరపాటు జరిగింది, నేను మళ్ళీ..."

మాట పూర్తికాలేదు. మారిసెల్ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, కుర్చీలో కూలబడి, "నా తల్లే! ఇన్నేళ్ళుగా దేవుణ్ణి అడిగి అడిగి అలిసిపోయాను, నువ్వు ఒక్క నొక్కుతో తీర్చేశావు కదే!" అంది.

ఊళ్ళో ఆ కబురు రొట్టెల కోసం నిలబడ్డవాళ్ళ వరసలో మొదలై మధ్యాహ్నానికి రేవు దాకా పాకింది. "ఇదాల్మిస్ దగ్గర గిట్టనివాళ్ళని కరిగించే లెన్సుందట!" మర్నాటి నుంచీ తలుపు తట్టేవాళ్ళే. ఒకావిడ అత్తగార్ని అంచున పెట్టమంది. ఇంకొకావిడ చెవిలో, "మా ఆడపడుచు మరీ మరకలా వద్దులే వదినా, మొహం మాత్రం పోతే చాలు" అంది. ఇదాల్మిస్ పైకి కసురుకుంది, లోపల పొంగిపోయింది. ఇంత గిరాకీ ఆమె జన్మలో చూడలేదు. కడియం ఎంత తిప్పినా దూరాన సముద్రం ఫోకస్‌లోకి రావడంలేదని తెలుసు. అద్దం సరిచెయ్యాలనీ తెలుసు. రేపు చేద్దాంలే అనుకుంది. ఆ రేపు వస్తూ పోతూ ఉంది.

ఒక మధ్యాహ్నం యుస్నెయ్‌ది వచ్చింది. మెత్తటి మనిషి, గుమ్మంలోనే నిలబడింది. కాఫీ వద్దంది. 

"నా పసుపు గౌను కొత్తదక్కా. చెవులకి మా అమ్మ కమ్మలు పెట్టుకున్నాను. ఫోటో చూపించండర్రా అంటే అందరూ నవ్వుతున్నారు. ఎందుకో అనుకున్నా."

"అయ్యో, అది పొరపాటమ్మా. లెన్సు తుడిచి బిగించేటప్పుడు అద్దం తిరగబడింది. నీమీద నాకేం కోపం?"

"మొదటిది పొరపాటే" అంది యుస్నెయ్‌ది. "తర్వాత తీసినవో?"

ఊరినంతటినీ కసిరే ఇదాల్మిస్ బల్లమీది కెమెరాకి గుడ్డ కప్పింది.

వెళ్ళబోతూ యుస్నెయ్‌ది వెనక్కి తిరిగింది. "ఆ నీలం గౌను కుట్టింది నేనే. లియానెత్ వచ్చి అడిగింది. కరెంటు ఉన్న గంటల్లోనే మిషను తొక్కి, మిగిలింది చేత్తో కుట్టాను. ఎవరికీ చెప్పొద్దంది మారిసెల్. చెప్పలేదు. కానీ ఫోటోలో నేనూ ఉంటాను కదా అనుకున్నాను."

ఆమె సందు మలుపు తిరగగానే ఇదాల్మిస్ లెన్సు విప్పింది. పట్టపగటి వెలుగులో, కిటికీ దగ్గర కూర్చుని, అద్దాన్ని వేలికొసల మధ్య పట్టుకుని, ఉబ్బు బయటికి ఉండేలా పెట్టి బిగించింది. సముద్రం వైపు పెట్టి చూస్తే దూరాన పడవ తాడు కూడా గీత గీసినట్టు కనబడింది. అక్కణ్ణుంచి తిన్నగా మారిసెల్ ఇంటికి నడిచింది.

"మళ్ళీ ఫోటో తియ్యడమేంటి? పిల్లకి పదిహేను రెండుసార్లు వస్తాయా?" అంది మారిసెల్.

"గౌను ఎవరు కుట్టారో నాకు చెప్పలేదేం?"

మారిసెల్ మొహం మాడింది. చేతిలో గిన్నె బల్లమీద పెట్టింది. "చెప్పి ఏం సాధించాలి? మొగుణ్ణి పట్టుకుపోయింది చాలక నా కూతురికి గౌను కూడా అదే తొడిగిందని చెప్పుకోనా? నేను ఒల్గీన్‌లో అద్దెకి తెస్తానన్నాను. అక్కడున్నవేవీ పిల్లకి నచ్చలేదు. ఈ గౌను వేసుకుని అద్దం ముందు నిలబడి నవ్విందే, ఆ నవ్వు నేను తెప్పించలేకపోయాను ఇదాల్మిస్. అది నా గొంతులో ముల్లు. ఆ ఫోటో చూశాక కాస్త దిగింది. దాన్నీ లాక్కుంటావా?"

ఇదాల్మిస్‌కి ఆమె మీద కోపం పోయింది. అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంతలో లోపలి గదిలోంచి గుడ్డ సరసరమన్న చప్పుడు. లియానెత్ నీలం గౌను తొడుక్కుని వచ్చింది. వెనక హుక్కులు సగమే పెట్టుకుంది, కాళ్ళకి రబ్బరు చెప్పులు.

"ఎక్కడికే ఆ వేషం?"

"యుస్నెయ్‌ది ఇంటికి. నువ్వు రాకపోయినా వెళ్తాను. ఇదాల్మిస్ అత్తా, నడు" అని వీధిలోకి దిగిపోయింది.

ఎండ ఇంకా నిప్పులు కక్కుతుంటే, గౌను అంచులు రెండు చేతులా ఎత్తిపట్టుకుని పిల్ల ముందు, కెమెరా మెళ్ళో వేసుకుని ఆయాసపడుతూ ఇదాల్మిస్ వెనక. "ఏమే, మళ్ళీ పుట్టావా?" అని గడ్డం గీయించుకుంటున్నవాళ్ళు మంగలి కొట్టులోంచి కేకలేశారు. ఆ వెనక కొంతదూరంలో, "నిన్నేనే, ఆగు, గౌను మట్టికొట్టుకుపోతుంది!" అని అరుస్తూ మారిసెల్.

యుస్నెయ్‌ది కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని ఉంది. వీళ్ళని చూసి లేచింది. లేస్తూనే ఆమె కళ్ళు పిల్ల మొహం మీద కాక గౌను కింది అంచు మీద పడ్డాయి. నడకకి మడత ఊడిపోయింది. "ఆగు, కదలకు" అని నేలమీద చతికిలబడి, గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని కుట్టు సరిచెయ్యసాగింది. ఎవరూ ఫోటో మాట ఎత్తలేదు. ఇదాల్మిస్ గోడకి ఆనుకుని కడియం తిప్పడం మొదలుపెట్టింది.

మారిసెల్ గుమ్మంలో ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ అడుగుపెట్టలేదు. కాసేపు రొప్పుతూ చూసి, ఉండబట్టలేక, "వంకరగా వస్తోంది" అంది.

యుస్నెయ్‌ది సూదుల మధ్యనుంచి, "అయితే ఆ కొస పట్టుకోండి" అంది.

మారిసెల్ గుమ్మం దాటింది. దాటాక తను దాటినట్టు తెలిసినట్టుంది, ఒక క్షణం బిగుసుకుంది. తర్వాత వంగి గుడ్డ లాగి పట్టుకుంది. "లియానెత్, ఒంగకు. నిటారుగా ఉండు" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. పిల్ల పకపకా నవ్వింది. ఆ కిటికీ వెలుగులో ఎర్రగీత పిల్ల మొహం మీంచి కిందికి దిగి, నీలం గుడ్డ మీద ఉన్న నాలుగు చేతుల దగ్గర నిలబడింది. ఇదాల్మిస్ ఆ రోజు ఎవర్నీ తిట్టలేదు.

ఆ ఇద్దరు ఆడవాళ్ళూ స్నేహితులైపోయారని ఎవరైనా చెబితే నమ్మకండి. బజారులో ఎదురైతే తల ఊపుకుంటారు, అంతే. మారిసెల్ ఆల్బంలో ఆ కరిగిపోయిన ఫోటో మొదటి పేజీలోనే ఉంది, తియ్యనంది. కిటికీ ఫోటో చివర్న ఉంది. యుస్నెయ్‌దికి మాత్రం ఇదాల్మిస్ వేరే ఒక ఫోటో తీసిచ్చింది, పసుపు గౌనులో, కమ్మలు స్పష్టంగా కనబడేలా. ఆమె దాన్ని మిషను పైన గోడకి తగిలించుకుంది.

అత్తగార్ని కరిగించమని వచ్చినవాళ్ళకి ఇదాల్మిస్, "ఆ విద్య మర్చిపోయాను. నా దగ్గర అందరూ కనబడతారు. కిట్టకపోతే ఒల్గీన్ కుర్రాణ్ణి పిలుచుకో" అని చెప్పింది. కొందరు నిజంగానే పిలుచుకున్నారు. ఆ ఏడు ఆమెకి గిరాకీ తగ్గింది.

కిటికీ ఫోటో ఇచ్చిన రోజు మారిసెల్ దాన్ని ఎండలో పెట్టి, దగ్గరగా పట్టుకుని, దూరంగా పట్టుకుని చూసింది.

"నా ముక్కు ఇంత పెద్దదా?"

"లెన్సు సరిగ్గానే ఉంది మారిసెల్" అంది ఇదాల్మిస్. "ఇప్పుడే తుడిచాను."